సుగుణమ్మ సంచిలో పట్టిన కంప్యూటరు

1996 వేసవి. ఆత్మకూరు బస్టాండుకు దగ్గర్లోనే, ఒక ఎరువుల కొట్టు పైన ఉన్న ఒంటి గది నా దుకాణం. లోపల రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, కరెంటు పోయాక పావుగంట వాటిని బతికించే యూపీఎస్ అనే బ్యాటరీ పెట్టె. పెళ్ళి పత్రికలు, కోర్టు కాగితాలు టైపు చేయడం రోజువారీ పని. కంప్యూటర్లు తెప్పించి అమ్మడం, చెడిపోతే బాగు చేయడం అసలు వృత్తి. గోడ మీద "బేరం లేదు" అని రాసిన అట్ట వేలాడుతుండేది. దాని వల్ల గిరాకీ తగ్గుతుందని నా మేలు కోరేవాళ్ళందరూ చెప్పారు. తగ్గింది. అట్ట మాత్రం తీయలేదు.

మాది ఉదయగిరి దగ్గర పల్లె. మా తాత కాలంలో ఊరి పొలంలో సగం మాది. మా నాయన కాలానికి కోర్టు వాయిదాలు మిగిలాయి. నా దాకా వచ్చేసరికి ఇంటిపేరు మిగిలింది. ఇది జాలి కోసం చెప్పడం లేదు, ఈ కథలో దానికి పని ఉంది కాబట్టి చెబుతున్నాను. "అంతటి ఇంటి మనవడు స్క్రూలు బిగించుకుంటా ఉండాడు" అని వెనక అనుకునేవాళ్ళు. అవును, బిగించాను. వదులు కాకుండా బిగించాను.

ఆ రోజుల్లో మా వైపు ల్యాప్‌టాప్ కొనేవాళ్ళు అరుదు. కొనాలనుకున్న వాళ్ళు అడిగేది ఒకే ప్రశ్న: "ఎన్ని మెగాహెర్ట్జ్?" మెగాహెర్ట్జ్ అంటే కంప్యూటరు లోపల లెక్కలు చేసే చిప్పు వేగానికి కొలత. ఎద్దుల పందెంలో పరుగు అడిగినట్టు అడిగేవారు. దాన్ని ఎక్కడ తెరుస్తారు, ఎంతసేపు వాడతారు, ఎవరు మోస్తారు అని నేను అడిగితే అడ్డుప్రశ్నలు వేస్తున్నానని విసుక్కునేవారు.

ఒక రోజు పొద్దున సుబ్బయ్య గారు మెట్లెక్కి వచ్చారు. వింజమూరులో వేరుశనగ, నూనె హోల్‌సేల్ వ్యాపారం. వెనక నలభై అయిదేళ్ళ ఒక ఆవిడ. భుజాన గుడ్డ సంచి, చేతిలో గొడుగు. చీర అంచుకు ఎర్రమట్టి.

సుబ్బయ్య గారి నాయన మా తాత దగ్గర గుమాస్తా. నా చిన్నప్పుడు సుబ్బయ్య గారు మా ఇంట్లో అరుగు దాటి లోపలికి వచ్చేవారు కారు. ఇప్పుడు నన్ను నువ్వు అంటారు. నేను ఆయన్ని మీరు అంటాను. వయసుకు ఇవ్వాల్సిన మర్యాద అది. కానీ ఆయన దాన్ని వేరే లెక్కలో వేసుకునేవారు.

"ఏం నాయనా, బాగుండావా? మా సొసైటీకి ల్యాప్‌టాప్ మంజూరయింది. ఉండేదాంట్లో అన్నిటికన్నా పెద్దది చెప్పు" అన్నారు, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

"ఎవరు వాడతారండీ?"

"సొసైటీ వాడతాది. చెప్పినా గదా."

"సొసైటీకి చేతులుండవు సుబ్బయ్య గారూ. ఎవరి చేతులు?"

వెనక నిలబడ్డ ఆవిడ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "నా చేతులే అన్నా" అంది.

ఆవిడ సుగుణమ్మ. ఉదయగిరిలో క్షయ రోగుల కోసం పనిచేసే ఒక సొసైటీలో సూపర్‌వైజరు. పేరుకు సూపర్‌వైజరు, చేసేది నడక. ఉదయగిరి, వరికుంటపాడు మండలాల్లో మూడువందల చిల్లర రోగులు. బస్సు ఉన్నంత దూరం బస్సు, తర్వాత కాళ్ళు. సుబ్బయ్య గారు ఆ సొసైటీ కమిటీకి అధ్యక్షుడు.

ఆమెను కూర్చోబెట్టి, పని ఎలా జరుగుతుందో చెప్పమన్నాను. సుబ్బయ్య గారు గడియారం చూసుకున్నారు. ఆమె మాత్రం ఓపికగా చెప్పింది.

"ఆరు నెలల మందన్నా. రెండు నెలలకే దగ్గు తగ్గిపోతాది. తగ్గినాక మాత్రలెందుకులే అని మానేస్తారు. అట్ట మానేస్తే జబ్బు తిరగబడతాది. ఆ తడవ ఈ మాత్రలకు లొంగదు. రిజిస్టరు ఏమో ఉదయగిరి ఆఫీసులో ఉంటాది. నేనేమో ఎక్కడో పల్లెలో ఉంటా. ఎవరు మానేసిందీ నెలాఖరుకు ఆఫీసులో కూర్చొని లెక్క తీస్తే తెలస్తాది. అప్పటికి ఆ మనిషి కూలికని ఏ ఊరికో పోయుంటాడు. పోయినేడు అట్ట పోయినోళ్ళలో ఐదుగురు మళ్ళా రాలా. రారు గూడా."

"రారు" అన్నప్పుడు ఆమె గొంతు మారలేదు. అలవాటైన మాట అది. అందుకే నాకు గట్టిగా తగిలింది.

కావలసింది ఏమిటో అప్పటికే తేలిపోయింది. రిజిస్టరు ఆమెతో పాటు నడవాలి. రోగి ఎదురుగా నిలబడినప్పుడే అతను ఎప్పుడు మానేశాడో తెలియాలి. దీనికి రంగుల తెర, పాటలు, సీడీ డ్రైవ్ అక్కర్లేదు. మద్రాసులో నాకు తెలిసిన చోట ఒక చిన్న ల్యాప్‌టాప్ ఉంది. చిప్పు పాత తరానిది, 486 అనేవాళ్ళం. తెర నలుపు తెలుపు. బరువు రెండు కేజీల లోపు. బ్యాటరీ మూడు గంటలు నిలుస్తుంది. ఎండలో తెరిచినా అక్షరం కనిపిస్తుంది. ఇదంతా చెప్పాను.

సుబ్బయ్య గారు బల్ల మీద ఉన్న కీబోర్డును చేత్తో ఎత్తి, అరచేతిలో ఊపి చూసి, మళ్ళీ పెట్టారు. ఏ వస్తువైనా ఆయన అలాగే చూస్తారు. మా వైపు చాలామంది అంతే. ఇత్తడి బిందె కొన్నా, వెండి గిన్నె కొన్నా చేతికి తగిలిన బరువే దాని విలువ. తేలిగ్గా ఉంటే లోపల ఏదో తగ్గించారని అనుమానం.

"రెండు కేజీలా? అదేం వస్తువు నాయనా, అప్పడాల కట్టా? చేతికి బరువు తగలకపోతే నలుగురికీ ఏం చూపిస్తాం? నెల్లూరోళ్ళ దగ్గర నాలుగు కేజీల పెంటియం ఉండాది. నూట ముప్పయ్ మూడు మెగాహెర్ట్జ్. నువ్వు పాతసరుకు అంటగడతా ఉండావు."

"పెద్దది అమ్మితే నాకు ఎక్కువ మిగులుతుంది. అయినా ఈమెకు అది అమ్మను. కావాలంటే నెల్లూరు పోయి కొనుక్కోండి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "మీ వంశంలో మాట తగ్గేది లేదబ్బా. మాట తప్ప అన్నీ తగ్గినాయి" అన్నారు.

నేను కిందికి వెళ్ళి ఎరువుల కొట్టులో ఇనుప తూకం రాళ్ళు అడిగి తెచ్చాను. ఇది నా పద్ధతి. ల్యాప్‌టాప్ బరువంటే కాగితం మీద రాసే బరువు ఒక్కటే కాదు. కరెంటుకు తగిలించే అడాప్టరు, అదనపు బ్యాటరీ, సంచి అన్నీ కలుపుకోవాలి. కొత్త తరం చిప్పు ఉన్న ఆ పెంటియం లెక్కన అయిదు కేజీల పైచిలుకు రాళ్ళు గుడ్డలో చుట్టి సుగుణమ్మ సంచిలో పెట్టాను.

"మూడు రోజులు దీంతో మీ ఊళ్ళు తిరగండి. తర్వాత మూడు రోజులు సగం తీసేసి తిరగండి. అప్పుడు చెప్పండి" అన్నాను.

"రాళ్ళు మోయిస్తా ఉండాడు చూడమ్మా" అని సుబ్బయ్య గారు నవ్వారు.

"మీరూ ఒక రోజు మోసి చూడొచ్చండీ. ఇంకో జత రాళ్ళున్నాయి."

ఆయన నవ్వు ఆపి లేచారు.

వారం తర్వాత ఉదయగిరిలో కమిటీ సమావేశం. ఒక బడి గదిలో అయిదుగురు సభ్యులు. నెల్లూరు డీలరు తన మనిషిని డెమోకు పంపాడు, అంటే యంత్రాన్ని ఎదురుగా పెట్టి నడిపి చూపడానికి. టై కట్టుకున్న కుర్రాడు, పని తెలిసినవాడు, మర్యాదస్తుడు. నేను మద్రాసు నుంచి చిన్నదాన్ని తెప్పించుకొని పోయాను.

ఆ కుర్రాడి యంత్రం తెర వెలగగానే అందరూ కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. రంగులు, సంగీతం, తిరిగే భూగోళం. ఒక సభ్యుడు లేచి వెనక్కి పోయి ఆ పాట ఎక్కడి నుంచి వస్తుందో చూశాడు. నా యంత్రం మాత్రం స్లేటు పలకలా ఉంది.

సుగుణమ్మ పాత రిజిస్టరు మొత్తాన్ని నేను ముందే టైపు చేయించి ఫ్లాపీలో పెట్టాను. ఏ రోగికి ఏ తేదీన మందు ఇచ్చారో ఒక్కో వరస, అన్నీ కలిపి వేల వరసలు. "ఈ నెల మందు తప్పినవాళ్ళెవరు?" అని అడిగితే జవాబు చెప్పే చిన్న ప్రోగ్రాం నేనే రాశాను. దాన్ని రెండు యంత్రాల్లోనూ ఎక్కించి, రెండింటినీ ఆపేసి, ఒకేసారి మొదలుపెట్టమన్నాను. పెంటియం సంగీతం పాడుతూ లేచే లోపల నా 486 జవాబు చెప్పేసింది.

కుర్రాడు తెలివైనవాడు. "సార్, రెండూ ఆన్‌లో ఉండగా పోటీ పెట్టండి. అది న్యాయం" అన్నాడు.

న్యాయమే. పెట్టాం. వాడిది రెండు సెకండ్లు. నాది పదకొండు సెకండ్లు. సుబ్బయ్య గారు బల్ల మీద చెయ్యి వేశారు. "చూసినారా?"

"చూశాం. తొమ్మిది సెకండ్లు. సుగుణమ్మ గారూ, ఆ తొమ్మిది సెకండ్లలో మీరు ఏం చేస్తారు?"

"ఏముందన్నా, కొంగు సర్దుకుంటా" అంది.

గదిలో నలుగురు నవ్వారు. అయిదో ఆయన నవ్వలేదు.

"సరే, బరువే గదా మీ బాధ? మోసేదానికి ఒక మనిషిని పెడతాం. సుగుణమ్మ ముందు నడస్తాది, వాడు వెనక మోసుకొస్తాడు. దర్జాగా గూడా ఉంటాది" అన్నారు సుబ్బయ్య గారు.

సభ్యులు తలలూపారు. వాళ్ళకు అది మంచి ఆలోచనలాగే ఉంది. అక్కడ నాకు కోపం వచ్చింది. లేచి నిలబడ్డాను.

"అయ్యా, మా తాతకు గొడుగు పట్టడానికి ఒక మనిషి, చెంబు మోయడానికి ఒక మనిషి, చెప్పులు మోయడానికి ఒక మనిషి ఉండేవారు. నేను చెప్పేది నిజమో కాదో సుబ్బయ్య గారికి తెలుసు, వాళ్ళ నాయన చూశారు. తన వస్తువు తాను మోయలేని ఇల్లు ఏమైందో నన్ను చూస్తే మీకందరికీ తెలుస్తుంది. ఆ మనిషికి జ్వరం వస్తే ఈమె పని ఆగుతుంది. వాడు పెళ్ళికి పోతే ఆగుతుంది. చివరికి ఆ యంత్రం ఆఫీసులో గుడ్డ కప్పుకొని కూర్చుంటుంది. మీరు వచ్చినవాళ్ళకు చూపిస్తారు. అప్పుడు రిజిస్టరు మళ్ళీ పుస్తకంలోకే పోతుంది."

సుగుణమ్మ లేచి తన సంచి లోంచి నా రాళ్ళ మూట తీసి బల్ల మీద పెట్టింది.

"మూడు రోజులు మోసినానయ్యా. మొదటి రోజు అన్ని ఊళ్ళూ తిరిగినా. రెండో రోజు కడాకరి పల్లె వదిలేసినా. మూడో రోజు రెండు పల్లెలు వదిలేసినా. సగం చేసినాక అన్నీ తిరిగినా. మోసేది నేను. నాకు తేలికది కావాల. అది వద్దంటే నాకు ఏ యంత్రమూ వద్దు. పుస్తకాలే మోసుకుంటా."

కమిటీ ఒప్పుకుంది, ఒక షరతు మీద. ఆరు నెలల్లో అది పనికిరాకపోతే నేను వెనక్కి తీసుకోవాలి, "నా సలహా తప్పు" అని ఒప్పుకుంటూ కమిటీకి ఉత్తరం రాసివ్వాలి. సుబ్బయ్య గారే చెప్పి రాయించారు. నేను సంతకం పెట్టే ముందు కింద ఇంకో వాక్యం చేర్చాను: "యంత్రం సుగుణమ్మ గారి దగ్గరే ఉండవలెను. ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసినచో ఈ షరతు చెల్లదు." ఆయన చదివి సంతకం చేశారు.

ఇక్కడిదాకా నేను గెలిచినట్టే కనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. తప్పు అక్కడే జరిగింది.

మూడు వారాల తర్వాత సుగుణమ్మ దుకాణానికి వచ్చింది. కూర్చోలేదు. సంచి రెండు చేతులతో పట్టుకొని గుమ్మంలోనే నిలబడింది.

"ఏమైంది? చెడిపోయిందా?"

"లేదన్నా. బంగారంగా ఉండాది."

"మరి?"

"నాకే కనపడలా."

నాకు వెంటనే అర్థం కాలేదు. యంత్రం తెరిచి ఆమె ముందు పెట్టాను. ఆమె కళ్ళజోడు పెట్టుకొని తెరను దూరం జరిపింది, దగ్గరికి లాక్కుంది, తల పక్కకు వంచింది. చిన్న తెర, సన్నని అక్షరాలు. నా ముప్పయ్యేళ్ళ కళ్ళకు అవి ముత్యాల్లా ఉన్నాయి. ఆమె కళ్ళకు చీమల బారు.

"మరి మూడు వారాలు ఏం చేశారు?"

"కాగితం మీద రాసుకొని, ఆదివారం మా చెల్లెలి కూతురి చేత ఎక్కించినా. ఆ పాప చదివి చెప్తాది."

"మొదటి రోజే ఎందుకు రాలేదమ్మా?"

"సుబ్బయ్య గారికి తెలిస్తే యంత్రం లాక్కుంటారు. నీ చేత తప్పయిందని ఉత్తరం రాయిస్తారు. నా మూలంగా నీకు ఆ మాట ఎందుకన్నా?"

ఆమె భుజం గురించి నేను వారం రోజులు ఆలోచించాను. రాళ్ళు కట్టించి మరీ పరీక్ష పెట్టాను. ఆమె కళ్ళ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. కమిటీ ముందు నిలబడి అంతసేపు ఉపన్యాసం ఇచ్చిన నేను, ఆ యంత్రాన్ని ఆమె ముందు పెట్టి ఒక వరస చదవమనలేదు. డెమోలో చదివింది కూడా నేనే. ఆ మాట ఆమెతో అన్నాను. "తప్పు నాది. మీది కాదు."

"ఇంకో సంగతన్నా" అంది. అప్పుడు కూర్చుంది.

ఉదయగిరి కొండ కింద పల్లెలో పెంచలయ్య అని రాళ్ళు కొట్టే మనిషి. నాలుగు నెలలు మందు సరిగ్గా మింగాడు. తర్వాత ఒక బుధవారం మందుకు రాలేదు. తెర చదవగలిగి ఉంటే, ఆ సాయంత్రం పక్క పల్లెలోనే ఉన్న సుగుణమ్మకు అతని పేరు కనిపించేది. కానీ ఆ సంగతి ఆదివారం, పాప చదివి చెప్పినప్పుడే తెలిసింది. సోమవారం పోతే ఇంటికి తాళం. భార్య పుట్టింట్లో ఉంది, అతను ఎటు పోయిందీ ఎవరికీ తెలియదు. ఆమె నాకు ఈ సంగతి చెప్పే రోజుకు అతను ఆఖరు మందు తీసుకొని పదిహేను రోజులయింది.

రెండు రోజులు వేరే పని ముట్టలేదు. తెర మీద ఒక వరసకు ఎనభై అక్షరాలు పడతాయి. డాస్ అనే మూల ప్రోగ్రాంకు ఒక చిన్న ఆదేశం ఇస్తే నలభై పడతాయి, అక్షరం వెడల్పు రెండింతలవుతుంది. ఆదేశం ఇవ్వడం క్షణం పని. కానీ నా ప్రోగ్రాం అంతా ఎనభైకి సరిపడా రాసినది. ప్రతి పేజీ విడగొట్టి మళ్ళీ రాయాలి. రాశాను. పేరు ఒక వరసలో, ఊరు కింది వరసలో, ఆఖరు మందు తేదీ ఆ కింద. ఒక్కో పేజీ అవగానే సుగుణమ్మను చదవమన్నాను. తడబడిన చోట మార్చాను. తెర వెలుగు, నలుపు ఎంత ఉండాలో ఆమెనే తిప్పుకోమన్నాను. రెండో రోజు సాయంత్రానికి ఆమె యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకొని, బాల్కనీలో ఎండకు కూర్చొని, గడగడా ఇరవై పేర్లు చదివింది.

"పెంచలయ్య పేరు కూడా వచ్చిందన్నా" అంది, ఆ పేరు దగ్గర ఆగి.

తర్వాతి ఆదివారం అనుమసముద్రంపేటలో సుగుణమ్మ వాళ్ళ బంధువుల ఇంట్లో నిశ్చితార్థం. ఆ రోజు ఆమెకు సెలవు. పట్టుచీర కట్టుకుంది. అయినా యంత్రం సంచిలోనే ఉంది. ఎందుకు తెచ్చారని నేను తర్వాత అడిగితే అంది: "ఇంట్లో పెట్టాలని తోచలా. అద్దాలు, పర్సు, అదీ. అన్నీ ఒకటే సంచిలో ఉంటాయి గదా."

అక్కడ పెద్ద దర్గా ఉంది. అన్ని మతాల వాళ్ళూ వస్తారు, జబ్బు చేసినవాళ్ళు కొన్నాళ్ళు అక్కడే ఉండిపోతారు. నిశ్చితార్థం భోజనాలయ్యాక సుగుణమ్మ బస్సు కోసం నడుస్తుంటే, పూలు అమ్మే అంగళ్ళ పక్క నీడలో తువ్వాలు పరుచుకొని కూర్చున్న మనిషిని చూసింది. అతను ఆమెను ముందే చూసి మొహం తిప్పుకున్నాడు. అందుకే గుర్తుపట్టింది.

"ఏం పెంచలయ్యా, ఇక్కడ ఉండావా?"

"ఆ, అమ్మా. మొక్కు ఉండాది."

"మందు?"

"అయిపోయింది గదమ్మా. ఆరు నెలలూ మింగేసినా. మీ రిజిస్టర్లోనే ఉండాది, చూసుకో పోయి."

రిజిస్టరు ఉదయగిరిలో ఉంటుందని అతనికి తెలుసు. వచ్చే బస్సుకు ఆమె వెళ్ళిపోతుందనీ తెలుసు. సుగుణమ్మ పట్టుచీరతోనే అతని తువ్వాలు అంచున కూర్చొని, సంచి లోంచి యంత్రం తీసి ఒళ్ళో తెరిచింది.

"రిజిస్టరు ఇదే. చూస్తా ఉండు."

"రిజిస్టర్ని సంకలో పెట్టుకొని తిరగతా ఉండావా అమ్మా?" అని అతను నోరు తెరిచాడట.

"నీలాంటోళ్ళు ఉండారు గదా, మరి. ఇదిగో పెంచలయ్య. నాలుగు నెలలు. ఆఖరు మందు తీసుకొని ఇరవై రెండు రోజులు. ఇంకా రెండు నెలలు బాకీ. ఏందీ అబద్ధం?"

అతను తల వంచుకున్నాడు. దగ్గు తగ్గిందని మానేశాడు. వారం కిందట మళ్ళీ మొదలైంది. మందు మానినందుకు సుగుణమ్మ తిడుతుందని ఆఫీసుకు పోలేదు. ఇక్కడికి వచ్చి కూర్చున్నాడు.

"ఇక్కడే ఉండు, వద్దనను. దువా చేయించుకో. కానీ మాత్ర మింగు. రెండూ చేస్తే ఎవరికీ కోపం రాదు" అంది. అతన్ని బస్సు ఎక్కించుకొని ఆత్మకూరు ఆస్పత్రికి తీసుకొచ్చింది. డాక్టరు వచ్చేదాకా ఇద్దరూ నా దుకాణంలో కూర్చున్నారు. కిటికీ తెరిచి, పెంచలయ్యను దాని పక్కన కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. చిన్న మనిషి, చేతులు మాత్రం పెద్దవి, వేళ్ళ నిండా రాతి కాయలు. అతను దగ్గినప్పుడల్లా నాకు ఆ ఇరవై రెండు రోజులు గుర్తొచ్చాయి. వాటిలో ఎక్కువ రోజులు నా ఖాతావి.

డాక్టరు గారు పరీక్షలు చేయించి, మందు మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో రాసిచ్చారు. అనుకున్న రెండు నెలలు కాదు, ఇంకా ఎక్కువ పట్టింది. సుగుణమ్మ ఒక్క తడవ కూడా వదల్లేదు. దర్గాలో ఉంటే దర్గాకు, క్వారీలో ఉంటే క్వారీకి పోయింది. చివరి కళ్ళె పరీక్షలో క్రిమి లేదని తేలింది. ఆ రోజు అతని పేరు ఎదురుగా "పూర్తి" అని కొట్టాక నాకు చూపించడానికి ఆత్మకూరు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టింది. తెరంతా వ్యాపించి కనిపించింది.

ఆరు నెలల గడువుకు కమిటీ కూర్చుంది. నన్నూ పిలిచారు. ఆ ఆరు నెలల్లో మందు మధ్యలో మాని కనిపించకుండా పోయి, మళ్ళీ దొరకని రోగి ఒక్కరూ లేరని సుగుణమ్మ చెప్పింది. సుబ్బయ్య గారు కాగితాలు సర్దుకుంటూ, "యంత్రం ఏదైతేనేం, ఆమె పని చేసింది" అన్నారు.

"అదేనండీ నేను మొదటి నుంచీ చెప్పింది" అన్నాను. తర్వాత లేచి, అక్షరాల విషయంలో నేను చేసిన తప్పు, దాని వల్ల పెంచలయ్యకు పోయిన రోజులు అన్నీ కమిటీకి చెప్పాను. చెప్పకుండా ఉండొచ్చు, ఎవరికీ తెలియదు. సుగుణమ్మ వద్దని సైగ చేసింది. కానీ పెద్ద యంత్రం వద్దని గొంతెత్తి చెప్పిన నోటికి ఈ మాట చెప్పే బాధ్యత కూడా ఉంది. సుబ్బయ్య గారు తలెత్తి చూశారు. మళ్ళీ కాగితాలు సర్దుకోవడంలో పడ్డారు. ఆయన నన్ను ఎగతాళి చేయకుండా వదిలిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

ఆ కేసు తర్వాత నా పద్ధతి మారింది. యంత్రం శక్తి ఎంతో కంపెనీ కాగితం మీదే ఉంటుంది, అది చదవడానికి నేనక్కర్లేదు. వాడే మనిషి శక్తి ఎంతో ఏ కాగితం మీదా ఉండదు. ఆ మనిషి భుజం, కన్ను, చేతివేళ్ళు, ఆ ఊరి కరెంటు, బస్సులో దొరికే చోటు, ఇవన్నీ అడిగి తెలుసుకోవాలి. అడిగి ఊరుకుంటే చాలదు, నా ఎదురుగా చేయించి చూడాలి. నాకు తెలుసు అనుకున్న చోటే నేను పొరబడ్డాను.

మరుసటి ఏడు ఒక రోడ్డు కంట్రాక్టరు వచ్చాడు. వేలికి రెండు ఉంగరాలు. మార్కెట్లో అన్నిటికన్నా వేగమైన ల్యాప్‌టాప్ కావాలన్నాడు. పని ఎక్కడ అని అడిగాను. సైటులో, జీపులో అన్నాడు. జీపులో ఎవరు తెరుస్తారని అడిగాను. తానే అన్నాడు. ఒక చిన్న యంత్రం, ఒక పెద్ద యంత్రం తెరిచి రెండింటి మీదా ఒక్కో పేజీ చదవమన్నాను.

"నువ్వు అమ్మేవాడివా, ప్లీడరువా?" అన్నాడు.

"చదవండి. చదివాక ఏది కావాలో మీరే చెబుతారు."

"నెల్లూరులో అడక్కుండానే ఇస్తారు."

"ఇస్తారు. బస్సు పదిన్నరకు ఉంది."

అతను విసురుగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నేను తెరిచిన రెండు యంత్రాలూ మూసి, ఆగిపోయిన పెళ్ళి పత్రిక మళ్ళీ టైపు చేయడం మొదలుపెట్టాను. పావుగంట గడిచింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు. కంట్రాక్టరు మళ్ళీ వచ్చి జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు.

"ఏదీ, ఆ పేజీ చూపించు" అన్నాడు.